భోజనాల క్యాసెట్‌లో పోయిన గొంతు

"మేడమ్, నేను హత్య చేశానంటున్నారు."

గుమ్మంలో నిలబడ్డ మనిషి ఆ మాట అనేసరికి శిష్యుడి చేతిలో టీ గ్లాసు ఒరిగి సగం టీ చొక్కా మీద పడింది. ఆరేళ్ళుగా ఈ ఆఫీసులో పని చేస్తున్నాడు గానీ, తప్పిపోయిన స్కూటర్లు, ఆకాశరామన్న ఉత్తరాలు, పక్కింటివాళ్ళు ఎత్తుకెళ్ళిన పూలకుండీలు తప్ప అసలు సిసలు హత్య ఇంతవరకూ వాళ్ళ గడప తొక్కలేదు. అందుకని అతనికి భయంతో పాటు కాస్త సంతోషం కూడా కలిగింది.

లెక్కల మేడమ్ చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టింది. "ఎవర్ని?"

"మా మావయ్యగారి గొంతుని."

శిష్యుడి సంతోషం అక్కడితో ఆవిరైపోయింది.

లెక్కల మేడమ్ ముప్ఫై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పి, రిటైరయ్యాక పుస్తకాల షాపు పైగదిలో ఈ డిటెక్టివ్ ఆఫీసు పెట్టింది. పరీక్షల్లో ఎవరు ఎవర్ని చూసి రాశారో పట్టుకోవడంలో ఆవిడకి సాటి లేదు. "సరైన జవాబు అందరిదీ ఒకలాగే ఉంటుంది. తప్పు మాత్రం ఎవరిది వాళ్ళదే" అనేది. ఆ ఒక్క ముక్క పట్టుకునే ఆవిడ ఇప్పుడు దొంగల్ని కూడా పడుతోంది. శిష్యుడు ఒకప్పుడు ఆవిడ దగ్గర ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివినవాడు. ఇప్పుడు ముప్ఫై ఆరేళ్ళొచ్చి, నెత్తిన నాలుగు వెంట్రుకలు తెల్లబడినా, ఆవిడ గొంతు కాస్త పెంచితే చాలు, చేతులు తనంతట తానే వెనక్కి దాచుకుంటాడు. ఆవిడంత తెలివిగల మనిషి భూమ్మీద లేదని అతని గట్టి నమ్మకం.

"కూర్చోండి. మొదట్నుంచి, వరసగా చెప్పండి" అంది మేడమ్. "నువ్వు రాసుకో."

వచ్చినవాడు టీవీ మెకానిక్. భుజాన సంచి, సంచిలోంచి బయటికి వేలాడుతున్న తీగలు, రాత్రంతా నిద్ర లేని కళ్ళు. టైలరింగ్ షాపువాళ్ళ చిన్నమ్మాయితో అతని పెళ్ళి కుదిరింది, వచ్చే నెలలోనే. అత్తవారింట మంచి పేరు కొట్టేద్దామని తనే వాళ్ళింట్లో కొత్త టీవీ బిగించాడు. అటక మీద తొమ్మిదేళ్ళుగా మూలుగుతున్న పాత క్యాసెట్ ప్లేయర్‌ని కూడా బాగు చేశాడు.

"అటక మీదే రెండు క్యాసెట్లు దొరికాయి మేడమ్. అమ్మాయి అన్నయ్య, మా బావగారి పెళ్ళివి, ఇరవై ఏళ్ళ నాటివి. మొదటిది అందరూ వందసార్లు చూశారు. రెండో దాని మీద 'భోజనాలు' అని రాసి ఉంది. వాళ్ళూ వీళ్ళూ తినడం ఎవరు చూస్తారు? ఎవరూ ముట్టుకోలేదు. నేను ప్లేయర్ పని చేస్తోందో లేదో చూద్దామని నిన్న పొద్దున అది పెట్టా. మధ్యలో మావయ్యగారు, అంటే అమ్మాయి నాన్నగారు, కనబడ్డారు! మైకు పట్టుకుని మాట్లాడుతున్నారు. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. ఆయన గొంతు ఆ ఇంట్లో ఇంకెక్కడా లేదు."

"ఏమన్నారు?"

"నేను వినలేదు మేడమ్. 'నేను పెళ్ళికొడుకు తండ్రిని' అన్నారు. అంతే, టక్కున ఆపేశా. ఇంట్లోవాళ్ళ కంటే ముందు నేను వినడం మర్యాద కాదుగా. సాయంత్రం అయిదింటికి అందరం కూర్చుని విందామని చెప్పి పన్నెండింటికి వెళ్ళిపోయా. అయిదింటికి వచ్చి పెడితే..." అతను భుజాన్నున్న సంచి ఒళ్ళోకి లాక్కున్నాడు. "బొమ్మ వచ్చింది. బ్యాండు మ్యూజిక్ వచ్చింది. మావయ్యగారి నోరు కదులుతోంది. గొంతు లేదు."

"మ్యూజిక్ వచ్చి గొంతు రాకపోవడం ఎలా?" అన్నాడు శిష్యుడు.

ఆ ప్రశ్న కోసమే పుట్టినట్టు మెకానిక్ మొహం వెలిగింది. సంచిలోంచి మూడు రంగుల తీగ లాగాడు. "ఇదిగో చూడండి. దీన్ని ఏవీ కేబుల్ అంటారు. పసుపు పిన్నులో బొమ్మ వస్తుంది. తెలుపులో ఎడమ వైపు శబ్దం, ఎరుపులో కుడి వైపు శబ్దం. ఆ రోజుల్లో కొందరు వీడియోవాళ్ళకి ఒక అలవాటుండేది. పైన కలిపే మ్యూజిక్ ఒక వైపు, మైకులో మాట ఇంకో వైపు పెట్టేవాళ్ళు. ఈ క్యాసెట్‌లో తెలుపులో బ్యాండు, ఎరుపులో మాట."

"మరి ఎరుపు ఊడిపోయిందేమో!"

"నేనూ అదే అన్నా. బావగారు నన్ను టీవీ దగ్గరికి కూడా రానివ్వలేదు. ఆయనే టార్చి వేసి వెనకాల చూశారు. పసుపు ఉంది, తెలుపు ఉంది, ఎరుపు ఎర్ర కన్నంలోనే గట్టిగా ఉంది అన్నారు. అంటే ఇక క్యాసెటే పాడయింది. నేను ప్లేయర్‌లో టేపు చదివే హెడ్డు తుడిచేటప్పుడు చెరిపేశానని అందరూ ఒకటే గోల. ఇవాళ సాయంత్రం ఆరులోగా మా నాన్న గొంతు తెచ్చి పెట్టు, లేకపోతే పెళ్ళి లేదు అన్నారు బావగారు."

"ఎరుపులో మాట ఉందన్న సంగతి ఇంట్లో ఎవరెవరికి తెలుసు?" అంది మేడమ్.

మెకానిక్ సిగ్గుపడ్డాడు. "అందరికీ. ఒక్కొక్క పిన్నూ పీకి, పెట్టి, చూపించి మరీ చెప్పా. ఎవరూ అడగలేదు లెండి. నా జబ్బు అది. అత్తయ్యగారి కోసం ప్లేయర్ మీద చీటీలు కూడా అంటించా, ఏది నొక్కితే మొదలవుతుంది, ఏది నొక్కితే ఆగుతుంది అని."

"మీరు ఆపేసిన చోటే సాయంత్రం మొదలైందా?"

అతను కళ్ళు చిట్లించి ఆలోచించాడు. "లేదు మేడమ్! ప్లేయర్ మీద అంకెలు తిరుగుతుంటాయి. నేను నాలుగు వందల పన్నెండు దగ్గర ఆపా. సాయంత్రం చూస్తే నాలుగు వందల ముప్ఫై ఒకటి ఉంది. కంగారులో పట్టించుకోకుండా వెనక్కి తిప్పేశా."

"పందొమ్మిది" అంది మేడమ్ తనలో తను. శిష్యుడు ఆ అంకె రాసి, ఎందుకో తెలియకపోయినా, కింద రెండు గీతలు గీశాడు.

దారి పొడుగునా మెకానిక్ నోరు మూయలేదు. టీవీ లోపలికి వచ్చేది ఇన్‌పుట్ అట, బయటికి పోయేది అవుట్‌పుట్ అట. ఒకే టీవీకి నాలుగు వైపుల నుంచి బొమ్మలొస్తుంటే దేన్ని చూపించాలో చెప్పడాన్ని సోర్స్ ఎంచుకోవడం అంటారట. బొమ్మా శబ్దం రెండూ ఒకే తీగలో తెచ్చే కొత్తది హెచ్‌డీఎంఐ అట, సెట్‌టాప్ బాక్సుకి అదే పెట్టాడట. బొమ్మ మొత్తం ఒక్క పసుపు తీగలో వస్తే కాంపోజిట్ అట, దాన్నే మూడు ముక్కలు చేసి పచ్చ, నీలం, ఎరుపు తీగల్లో పంపితే కాంపొనెంట్ అట. ఆ రెండు పేర్లూ అంత దగ్గరగా ఎందుకు పెట్టారని శిష్యుడు మనసులో ఎవరినో తిట్టుకున్నాడు. మేడమ్ మాత్రం ఊ కొడుతూనే ఉంది.

"అంటే మీ టీవీకి మొత్తం ఎన్ని కన్నాలు?"

"ఈ రంగులవి అయిదు మేడమ్. కింది వరసలో పచ్చ, తెలుపు, ఎరుపు. ఆ పచ్చదే పసుపు పిన్నుకి కూడా పనికొస్తుంది. పై వరసలో, జానెడు ఎత్తులో, ఇంకో రెండు. అవి మనకి అక్కర్లేదు లెండి."

టైలరింగ్ షాపు కింద, ఇల్లు పైన. షాపులో అడుగు పెట్టగానే తరగతి బోర్డంత వెడల్పు కటింగ్ బల్ల, దాని వెనక మెడలో టేపుతో పెద్దకొడుకు, అంటే కటింగ్ మాస్టర్. మనిషి భారీగా ఉంటాడు. అతని తల పైన గోడ మీద పెద్ద ఫోటో. అందులో పోయిన పెద్దాయన మూరెడు కత్తెర పట్టుకుని రాజులా నిలబడ్డాడు.

"మీ నాన్నగారా? కత్తెర భలే పట్టుకున్నారు" అంది మేడమ్, దగ్గరకెళ్ళి కళ్ళజోడు సరిచేసుకుని.

మాస్టర్ ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "ఆ చేతి కోటు తొడుక్కుంటే బొందితో స్వర్గమే అనేవాళ్ళు మేడమ్. నాకొచ్చింది కూడా ఆ చెయ్యే. మా నాన్న కటింగ్ ఎవరూ చూడలేదు. షాపు మూసి, తలుపేసుకుని కత్తిరించేవారు. ఎవరైనా చూస్తే చెయ్యి తప్పుతుందని. అమ్మ ఒక్కతే లోపల దీపం పట్టుకునేది."

"మరి మీకెలా నేర్పారు?"

"ఆయన పక్కన నిలబడి నోటితో చెప్పేవారు. ఎక్కడ కత్తిరించాలో అమ్మ వేలు పెట్టి చూపించేది." ఇంతలో గుమ్మంలో మెకానిక్ కనబడేసరికి మాస్టర్ మొహం గంటు పెట్టుకున్నాడు. "నువ్వెందుకు వచ్చావయ్యా? గొంతు తెచ్చావా?"

"తెస్తున్నాం బావగారూ" అన్నాడు మెకానిక్ శిష్యుడి వెనక్కి జరుగుతూ.

"నిన్న పన్నెండు నుంచి అయిదు దాకా మీరెక్కడున్నారు?" అంది మేడమ్.

"ఈ బల్ల దగ్గరే. రెండింటికి పైకి వెళ్ళి రెండు ముద్దలు తిని వచ్చా. చెల్లెలు కూడా ఇక్కడే హుక్కులు కుడుతూ కూర్చుంది. వచ్చినవాళ్ళంతా చూశారు."

"చేత్తో కాజాలు ఎవరు కుడతారు మీ షాపులో?"

ఆ ప్రశ్నకి మాస్టర్ నోరు వెళ్ళబెట్టాడు. శిష్యుడూ అంతే. గుండీ దూరే కన్నం చుట్టూ వేసే కుట్టుకీ, మావయ్యగారి గొంతుకీ ఏమిటి సంబంధం? కానీ మేడమ్ అడిగిందంటే ఏదో ఉంటుంది. అప్పటికి ఏదీ లేదనీ, కొత్తచోట కనబడ్డ పనుల్లో ఎవరెవరికి ఏది వచ్చో అడిగి పెట్టుకోవడం ఆవిడ అలవాటనీ తర్వాత తెలిసింది.

"కాజాలకి మెషినుంది మేడమ్. నాకు చేత్తో రాదు. మా ఆవిడ సూది పడితే వేలికే గుచ్చుకుంటుంది. చెల్లెలికి కాజాలంటే చిరాకు. అమ్మ కుట్టేది గానీ, నాలుగేళ్ళయింది మానేసి. కళ్ళు ఆనడం లేదంటుంది."

పైన హాల్లో పెద్దకోడలు ఎదురొచ్చింది. ఆవిడకి ఈ సంబంధం మొదట్నుంచీ నచ్చలేదు. తన సొంత పెదనాన్న కొడుకు ఒకడు ఉద్యోగం చేసుకుంటూ, ఆడపడుచుని చేసుకోవడానికి సిద్ధంగా ఉన్నాడని ఇంటిల్లిపాదికీ తెలుసు.

"ఏం చేశాడో నేను చెప్తా మేడమ్. ఈ తమ్ముడు కొత్తగా ఏదో హెచ్‌డీఎంఐ తీగ పెట్టాడు. అది మావయ్యగారి గొంతు మొత్తం లాగేసుకుంది."

"అక్కయ్యగారూ, అది సెట్‌టాప్ బాక్సు తీగ, దీనికీ దానికీ..."

"నువ్వాగు తమ్ముడూ."

"నిన్న టీవీ బల్ల దగ్గరికి వెళ్ళారా?" అంది మేడమ్.

"మూడింటికి దుమ్ము దులిపా. అదీ తప్పేనా? వెనక తీగల జోలికి మాత్రం పోలేదు. నాకు షాక్ కొడుతుందని భయం. వేసంగిలో ఫ్యాను స్విచ్చి కూడా చీపురు పుల్లతో నొక్కుతా, కావాలంటే అందర్నీ అడగండి."

చిన్నమ్మాయి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. "నాన్న గొంతు నాకు గుర్తు లేదు మేడమ్. పోయేటప్పటికి నాకు పన్నెండేళ్ళు. మొహం గుర్తుంది, మాటలు గుర్తున్నాయి, గొంతు మాత్రం ఎంత గుర్తు చేసుకున్నా రావడం లేదు. ఈయన నాకోసమే ఆ ప్లేయర్ బాగు చేశారు. అలాంటి మనిషి చెరిపేస్తారా?" అని మెకానిక్ వైపు చూసింది. అతను తీగలు సర్దుకునే నెపంతో తల దించుకున్నాడు. 

మాస్టర్ తల్లి, ఆ ఇంటి పెద్దావిడ, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉంది. సన్నటి మనిషి. రెండు పూటలుగా ఏమీ తినలేదట. మేడమ్ అడిగినవాటికి ఒక్కొక్క ముక్కలో జవాబు చెప్పింది. నిన్న మధ్యాహ్నం పడుకుంది. ఏమీ చూడలేదు. ఏమీ వినలేదు. ఆవిడ చూపు మాత్రం మేడమ్ మీద లేదు, శిష్యుడి చొక్కా మీద ఉంది. టీ మరక చూసి నవ్వుకుంటోందేమోనని అతను చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"బాబూ, ఆ గుండీ ఊడిపోతోంది. ఇలా రా" అంది ఆవిడ.

భుజం మీద గుచ్చుకున్న సూది తీసి, దారం ఒక్కసారికే ఎక్కించి, చొక్కా ఒంటి మీద ఉండగానే నాలుగు కుట్లు వేసి, ముడేసి, దారం పంటితో తెంచింది. మొత్తం అర నిమిషం కూడా పట్టలేదు. "వేలాడుతుంటే చూడలేను" అంది సంజాయిషీగా.

"వెళ్ళి టీవీ వెనక ఏముందో బొమ్మ గీసుకురా. దేన్నీ ముట్టుకోకు" అంది మేడమ్ శిష్యుడితో.

అతను బల్లకీ గోడకీ మధ్య దూరి, చెవిలో సాలెగూడుతో సహా బయటికొచ్చాడు. బొమ్మలో అయిదు కన్నాలూ గీశాడు. కింది పచ్చలో పసుపు, తెలుపులో తెలుపు. పై వరసలో ఎరుపులో ఎరుపు. మాస్టర్ చెప్పింది నిజమే, రంగుకి రంగు సరిపోయింది. ఇంకో చిన్న సంగతి కూడా ఉంది. మూడు తీగలూ అంటుకుని ఒక పట్టీలా ఉన్నాయి. ఎర్రది మాత్రం మిగతా వాటి నుంచి ఇంకో జానెడు విడదీసి ఉంది. చీలిక ఆగిన చోట ఎర్ర దారం చుట్టి ఉంది.

"చుట్టి ఉందా, కుట్టి ఉందా?"

"కుట్టే ఉంది మేడమ్. కన్నం చుట్టూ వేసినట్టు, గట్టిగా, దగ్గరదగ్గరగా."

మేడమ్ స్వయంగా టార్చి పట్టుకుని వంగి చూసింది. లేచేటప్పుడు ఆవిడ మొహంలో విజయం కంటే జాలి ఎక్కువ కనబడింది. అది శిష్యుడికి అర్థం కాలేదు.

"అందర్నీ పిలువు. షాపు తలుపు కాసేపు వేసి రమ్మని మాస్టర్‌కి చెప్పు" అంది.

నాలుగున్నరకి అందరూ హాల్లో చేరారు. మాస్టర్ మెడలో టేపుతో గోడకి ఆనుకున్నాడు. పెద్దకోడలు టీవీకి దూరంగా, షాక్ అందని చోట కూర్చుంది. మెకానిక్, చిన్నమ్మాయి ఒకే సోఫాలో ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు. మేడమ్ టీవీ ముందు నిలబడింది. చేతిలో సుద్దముక్క ఒక్కటే తక్కువ.

"మొదటి మాట. గొంతు చావలేదు. క్యాసెట్‌లో క్షేమంగా ఉంది. ఈయన దేన్నీ చెరపలేదు."

మెకానిక్ లేచి నిలబడ్డాడు. మాస్టర్ "అయితే వినబడదేం?" అన్నాడు.

"ఈ టీవీకి ఎర్ర కన్నాలు రెండున్నాయి మాస్టారూ. కింది ఎరుపు శబ్దానిది. పై ఎరుపు బొమ్మది, కాంపొనెంట్ అంటారట, మీ క్యాసెట్‌కి దానితో పని లేదు. గొంతు తెచ్చే పిన్ను ఇప్పుడు పైదాంట్లో ఉంది. మీరు టార్చి వేసి ఎరుపులో ఎరుపు ఉందని చూశారు. అక్కడితో తృప్తి పడ్డారు. రంగు చూశారు గానీ కన్నం చూడలేదు."

మెకానిక్ నెత్తి బాదుకున్నాడు. "నేను కిందే పెట్టాను మేడమ్! ఒట్టు!"

"మీరు కిందే పెట్టారు. మార్చింది ఇంకొకరు. దుమ్ము దులిపేటప్పుడు పొరపాటున మారిందనుకుందామా అంటే, పైకి అందాలంటే తీగని జానెడు చీల్చాలి. అది పొరపాటున జరిగేది కాదు. అదీగాక నిన్న మధ్యాహ్నం ఎవరో ఈ క్యాసెట్‌ని ఒంటరిగా విన్నారు. నాలుగు వందల పన్నెండు నుంచి ముప్ఫై ఒకటి దాకా. అక్కడ విన్న మాట భరించలేక ఆపేశారు. సాయంత్రం ఇంకెవరూ దాన్ని వినకూడదనుకున్నారు."

"ఏ మాట?" అంది చిన్నమ్మాయి.

"వస్తున్నా. ముందు మనిషి సంగతి. క్యాసెట్ దాచేస్తే వెతుకుతారు. పిన్ను పీకి వదిలేస్తే కనబడిపోతుంది. కాబట్టి పక్క ఎర్ర కన్నంలో పెట్టారు. చాలా తెలివైన పని. అక్కడితో ఆగితే నేను కూడా ఎవరో చెప్పలేకపోయేదాన్ని. కానీ తీగ చీల్చాక ఆ చీలిక ఇంకా కిందికి పోతుందేమోనని ఆ మనిషికి మనసొప్పలేదు. దొంగతనం చేస్తూ చేస్తూ, ఆ చివర తెగిపోకుండా చేత్తో కాజా కుట్టు వేశారు. అదీ పిన్ను రంగుకి సరిపోయే దారంతో." మేడమ్ ఆగింది. "నా ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఇంత శుభ్రమైన తప్పు చూడలేదు."

 మాస్టర్ మెల్లిగా తల తిప్పి తల్లి వైపు చూశాడు. తర్వాత కోడలు, తర్వాత కూతురు. శిష్యుడి చెయ్యి తనకి తెలియకుండానే కొత్తగా కుట్టిన గుండీ మీదికి పోయింది.

పెద్దావిడ తనే లేచింది. "నేనే" అంది. "క్యాసెట్ పాతది, పోయిందిలే అనుకుంటారనుకున్నా. ఈ పిల్లాడి మీద పడుతుందనుకోలేదు. పడ్డాక చెప్పడానికి నోరు రాలేదు. నిన్న సాయంత్రం నుంచి ముద్ద దిగడం లేదు నాకు."

"ఎందుకమ్మా?" మాస్టర్ గొంతు చిన్నపిల్లాడిలా ఉంది. "నాన్న ఏమన్నాడని?"

ఆవిడ మేడమ్ వైపు చూసింది. మేడమే నెమ్మదిగా అంది. "మీ షాపులో ఫోటో ఉంది చూశారా? దర్జీ కత్తెరలో బొటనవేలు చిన్న కన్నంలో పెడతారు, నాలుగు వేళ్ళూ పెద్దదాంట్లో. ఆయన బొటనవేలు పెద్దదాంట్లో ఉంది. రోజూ దండం పెట్టుకునే ఫోటోని ఎవరూ పరీక్షగా చూడరు. మిగతాది నేను చెప్పడం బాగుండదు. ఆయన్నే చెప్పనివ్వండి, మీ అమ్మగారు ఒప్పుకుంటే."

పెద్దావిడ చాలాసేపు కూతురి మొహం చూసింది. ఆ తర్వాత తల ఊపింది.

మెకానిక్ వంగి ఎర్ర పిన్ను కింది కన్నంలో పెట్టాడు. వెనక్కి తిప్పాడు. నాలుగు వందల పన్నెండు. తెర మీద తెల్ల కోటు వేసుకున్న పెద్దాయన, వెనకాల పంక్తుల్లో తింటున్న జనం, చెవులు చిల్లులు పడే బ్యాండు. దాని మీదుగా, దగ్గరగా, కాస్త జీరగా ఒక గొంతు.

"నేను పెళ్ళికొడుకు తండ్రిని. ఈ హోరులో నా మాట నాకే వినబడటం లేదు, మంచిదే. ఇక్కడ తింటున్న మగాళ్ళు సగం మంది నా చేతి కోటు వేసుకొచ్చామని మురుస్తున్నారు. అయ్యా, ఒక నిజం చెప్తా. ఇరవై ఏళ్ళుగా అందర్నీ మోసం చేశా. నాకు కత్తెర పట్టడం కూడా రాదు."

చిన్నమ్మాయి రెండు చేతులతో నోరు మూసుకుంది. మాస్టర్ గోడకి ఆనుకున్నవాడు అలాగే జారి కింద కూర్చున్నాడు. పెద్దావిడ కళ్ళు గట్టిగా మూసుకుంది. ప్లేయర్ మీద అంకె ముప్ఫై ఒకటి దాటింది.

"కత్తిరించేదంతా మా ఆవిడ. ఆడమనిషి కత్తిరించిందంటే మగాళ్ళు కోటు తొడుక్కోరని పేరు నాది పెట్టమంది. తనే పెట్టమంది. ఇదిగో ఇప్పుడు కూడా లోపల వడ్డిస్తోంది. ఇలా చెప్పానని తెలిస్తే నా బొమికలు విరిచేస్తుంది. నా కొడుకు నాన్న చెయ్యి వచ్చిందని చెప్పుకుంటాడు. పిచ్చి సన్నాసి, వాడికొచ్చింది వాళ్ళమ్మ చెయ్యి. అంతకంటే మంచి చెయ్యి నేను ఎక్కడా చూడలేదు. ఆవిడ మొహం మీద చెప్పే ధైర్యం ఏనాడూ లేక, ఈ మైకుకి చెప్తున్నా."

ఎవరో ఆయన్ని భోజనానికి లాక్కెళ్ళారు. బ్యాండు మిగిలింది.

శిష్యుడు ముక్కు ఎగబీల్చి, నోట్ బుక్కులో ఏమీ రాయకుండా మూసేశాడు. పెద్దకోడలు షాక్ సంగతి మరిచిపోయి టీవీ దగ్గరికి జరిగింది.

"అమ్మా" అన్నాడు మాస్టర్ కింద నుంచే. "దీపం నువ్వు పట్టుకునేదానివి కదా?"

"మీ నాన్న పట్టుకునేవాడు" అంది పెద్దావిడ కళ్ళు తెరవకుండా. "ఆ పనీ సరిగ్గా చేసేవాడు కాదు. సగం చమురు నా మీదే పోసేవాడు."

ముందు చిన్నమ్మాయికి నవ్వొచ్చింది. ఏడుస్తూనే నవ్వింది. తర్వాత మాస్టర్ భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో అతనికే తెలిసినట్టు లేదు. లేచి వెళ్ళి మెకానిక్ ముందు నిలబడ్డాడు. "బావా, నోరు జారాను. ఏమీ మనసులో పెట్టుకోకు" అన్నాడు. మెకానిక్ కంగారుగా అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

పెద్దావిడ కళ్ళు తెరిచింది. తెర మీద ఖాళీ మైకు కనబడుతోంది. ఆవిడ కుర్చీ టీవీకి దగ్గరగా లాక్కుని కూర్చుంది. ఒళ్ళో రెండు అరచేతులూ తిప్పి ఒకసారి చూసుకుంది.

"ఆ ముప్ఫై ఒకటి దగ్గరికి వెనక్కి తిప్పు, అల్లుడూ" అంది. "ఆ మాట ఇంకోసారి వింటా."